రవాణా బరువు పందొమ్మిది పౌండ్లు

కోతలు ముగిశాక వచ్చేది, విన్నిపెగ్ నుంచి.
ఇటుకంత మందం, ఒళ్ళంతా రైలు వాసన.
స్టేషన్ మాస్టరు హాలరన్ దాన్ని పిండి బస్తా మీద పడేసి
"ఇదిగో, మీ బైబిలు" అనేవాడు.
నాన్న నవ్వేవాడు కాదు.

ముందు అమ్మ చూసేది, పొయ్యిలు, ఊలు దుప్పట్లు.
తర్వాత నాన్న, నాగటి కర్రులు, గుర్రపు జీనులు.
వాళ్ళ వేళ్ళ జిడ్డు ఆరాక మా వంతు.
వారం తిరిగేసరికి మా అక్క యెవ్‌దోకియా
పేజీలు తిప్పడం మానేసేది.
పుస్తకాన్ని వెన్ను మీద నిలబెట్టి వదిలేస్తే చాలు,
దానంతటదే విచ్చుకునేది
రెండు వందల పన్నెండో పేజీ దగ్గర.

ఫోటో కాదు, సన్న గీతల బొమ్మ.
"అకార్డియన్. ఎర్ర ముత్యపు పూత. ఉక్కు నాలుకలు.
ఇరవైనాలుగు మెట్లు. కొత్తవారికి సులభం.
పద్నాలుగు డాలర్ల డెబ్బై సెంట్లు.
రవాణా బరువు పందొమ్మిది పౌండ్లు."
ఇంట్లో ఉక్రేనియన్ తప్ప ఎరగని నాకు
మొదట నోటికొచ్చిన ఇంగ్లీషు ఇదే.
పిల్లిని రాయలేని రోజుల్లోనే
మాండలిన్ తప్పుల్లేకుండా రాసేవాణ్ణి.

నాన్న చెవి మీది పెన్సిలు తీశాడు.
బుషెలు గోధుమ ముప్పై సెంట్లు ఆ ఏడు.
"నలభై తొమ్మిది బుషెళ్ళు" అన్నాడు,
పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

ఆ చలికాలం, మంచు కిటికీ సగానికొచ్చిన రాత్రి,
అక్క వెన్న తూచే త్రాసు దింపింది.
సంచిలోకి గోధుమలు, దోసెడు తర్వాత దోసెడు.
పందొమ్మిది దాటితే పిడికెడు తీసింది,
తగ్గితే నాలుగు గింజలు వేసింది.
మూతి కుట్టింది. తెగిన జీను పట్టెలు తగిలించి
భుజాలకెత్తుకుని స్టూలు మీద కూచుంది.
లాగింది. నొక్కింది.
లోపల గింజలు జారిన చప్పుడు, అంతే.
నేను పోల్కా విన్నాను. ఒట్టు.

అమ్మ చూసింది, ఏమీ అనలేదు.
మార్చిలో పిండి నిండుకున్నప్పుడు
అన్ని సంచులూ అయ్యాక గాని
ఆ సంచి కుట్టు విప్పలేదు.

కొత్తది రాగానే పాతది పెరటి దొడ్లోకి పోయేది,
మేకుకు గుచ్చుకుని, రోజుకు కొంత చొప్పున.
టోపీలు పోయాయి, కార్సెట్లు పోయాయి,
వయొలిన్ తీగలూ పోయాయి.
ఆ ఒక్క పేజీ మాత్రం అక్క దిండులో, ఎండుగడ్డి మధ్య.

పెట్రో కొవాల్చుక్ పెళ్ళిలో
వాయించేవాడు చెమట తుడుచుకుంటూ
"కాస్త పట్టుకో పిల్లా" అన్నాడు.
భుజాలకు వేసుకుంది. కళ్ళు మూసుకుంది.
ఒక్క మెట్టు నొక్కలేదు.
"బరువు సరిగ్గానే ఉంది" అంది,
తిరిగి ఇచ్చేసింది.
తర్వాత ముప్పై ఏళ్ళు రెజైనా ఆసుపత్రిలో
తడి దుప్పట్లు మోసింది. అవెంత తూగేవో
ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న యార్క్‌టన్‌లో, పాత సామాన్ల కొట్టు.
అద్దాల పెట్టెలో అదే కంపెనీ, అదే ఏడు.
నలభై ఐదు డాలర్లట.
మూడు అకార్డియన్లొస్తాయి, పైన ముప్పై... కాదు, తొంభై సెంట్లు.
ముసలివాణ్ణయినా నాకు నాన్న లెక్కలే.
తెరవమన్నాను.
రెండు వందల పది.
రెండు వందల పదమూడు.
మధ్యలో కత్తెర అంచు, తిన్నగా, తొందర లేకుండా.

మా అక్కది కాదు. అక్క గీత ఎడమకు ఒరిగేది.
మరింకే ఊళ్ళోనో, ఏ లాంతరు కిందో.

కొట్లో అమ్మాయి నొచ్చుకుంది.
"నేను చూసుకోలేదండీ, పది తగ్గిస్తాను."
వద్దన్నాను. పూర్తిగా లెక్కపెట్టి ఇచ్చాను.
కాగితపు సంచిలో పెట్టి అందిస్తూ
"జాగ్రత్త, కాస్త బరువు" అంది.

ఎంత, అని అడిగాను.