పన్నెండో చుట్టు

తెల్లారుజాము మూడింటికి
లాలాపేట గల్లీల మూత లేపి
టీ రాడ్డు దింపి తిప్పుతా.
పదకొండు చుట్లు.
పైబస్తీకి నీళ్లెక్కాలంటే ఇంకో రెండు.

మొన్న బస్తీ దవాఖానల పట్టీ ఉబ్బింది.
నూట డెబ్బై.
సలోమి సిస్టరు నా మెడ మీద వేలు పెట్టి
"ఈడ ఒక కాపలా ఉంటది అన్నా,
నెత్తురు ఎంత జోరు మీదుందో
మెదడు కాడకు కబురు పంపుతది.
అక్కడోడు గుండెను నెమ్మది చేస్తడు,
నాళాలు వదులు చేస్తడు.
ఆ పైన బాదంగింజంత ఇంకొకడు,
ఆకలి, దప్పి, ఒంటి వేడి లెక్క వానిదే."

మరి పని చేస్తలేరా ఇద్దరు?

"ఎందుకు చేస్తలేరు?
ఏండ్లకేండ్లు ఎక్కువనే చూసి చూసి
అదే సరి అనుకుంటున్నరు."

నవ్వొచ్చింది నాకు.
మా రిజర్వాయరు గేజు ముల్లు
రెండేండ్ల సంది ఒక్కతాననే ఇరుక్కుంది,
రోజూ సంతకం పెట్టి
అదే రాస్తున్నం రిజిస్టర్ల.

ఇయ్యాల గోళీ మింగి వచ్చిన.
పన్నెండో చుట్టు కాడ చెయ్యి ఆగింది.

పైన ఎవరి బిందెనో
మొదటి ధారకు మోగింది.
నా చెవులల్ల గూడ అదే చప్పుడు,
కొంచెం గట్టిగ.