వెనక తెలుపు

ఏడురోడ్ల కాడ మా స్టూడియోకి
పొద్దున పదికల్లా ఎండ మెట్లెక్కుతుంది.
ఆరోజు ఎండ ఎనకాలే
ఓబుళమ్మ, కోడలు లీలావతి,
ఐదు నెలల పిల్ల.

"పాస్‌పోర్టుకు," అనింది కోడలు.
"పేరు హన్విక. ఇంట్లో చిట్టక్క అంటాం."

గోడకు అతికించిన కాగితం చదివి వినిపించినా,
దినామూ పదిసార్లు చదివేదే.
మొగం నేరుగా ఉండాల.
రెండు చెవులూ కనబడాల.
కండ్లు తెరిచి, నోరు మూయాల.
నగగూడదు. నీడ పడగూడదు.
వెనక తెలుపు తప్ప ఇంకేమీ ఉండగూడదు,
ఎత్తుకున్నోళ్ల చెయ్యి కూడా.

పిల్ల ఇదంతా విని
నా మొగం జూసి నగింది.

కుర్చీలో దిండు పెడితే పక్కకు ఒరిగె.
చాప మీద పండబెడితే బోర్లా తిరిగె.
గిలక్కాయ ఆడిస్తే నోరు తెరిచె,
ఆపితే ఇంకా పెద్దగా తెరిచె.
పదిహేడు ఫోటోలు.
ఒకదాంట్లో చెవి లేదు,
ఒకదాంట్లో పిల్లే లేదు,
గుప్పిట ఒకటుంది.

మా నాయన నేర్పిన ఉపాయం ఒకటుంది.
బీరువాలోంచి తెల్లదుప్పటి తీసినా.
"అమ్మా, నువ్వు కూర్చో, నీ మీద ఇది కప్పుతా.
పాపను గుడ్డ లోపల్నించి పట్టుకో.
ఫోటోలో నువ్వుండవు,
తెల్లగోడ అయిపోతావు."

లీలావతి లేచింది.
ఓబుళమ్మ దుప్పటి కొస పట్టుకునింది.
"బతికుండే మనిషి మింద తెల్లగుడ్డ కప్పుతావా?
దానికింకా ఇరవైమూడు నిండలేదబ్బోడా."

ఫ్యాను గాలికి గుడ్డ ఉబ్బింది, తగ్గింది.
కింద బండి మీద కారెందోసె మాడతా ఉంది.

కొంచేపటికి ఆమే పోయి కుర్చీలో కూర్చునింది.
"నాకు కప్పు. నాకిది వాడికే."

కప్పినాక గొంతొక్కటే మిగిలింది.
కువైట్‌లో పన్నెండేండ్లంట,
ఒకే ఇంట్లో నలుగురు పిల్లోళ్లంట,
నలుగురికీ నడక నేర్పిందంట.
పుట్టినరోజుకు ఫోటో తీసేటప్పుడు
జరుగు అనేవాళ్లంట, జరిగేదంట.
"ఒకదాంట్లో నా మోచెయ్యి పడింది.
దాన్ని గూడా కత్తిరించినారు."
చెప్పి నగింది. నగితే గుడ్డ కదిలింది.

"కదలొద్దు పెద్దమ్మా."
"అదీ వాడికేలే.
అప్పుడు నా ఫోటో తీసింది మీ నాయనే, ఇదే కుర్చీ.
ముక్కుపుల్ల మెరస్తాది తియ్యమంటే తీసినా.
నగాకు అన్న్యాడు.
నగేదానికి ఏముందిలే అనుకున్న్యా."

పిల్ల మళ్లీ ఏడుపుకు దిగింది.
గుడ్డ లోపల ఆమె ఏదో మొదలుపెట్టింది.
పాట గాదు, మాట గాదు,
జొన్నరొట్టె తట్టేటప్పటి సడి లాంటిది
నోటితోనే.
చిట్టక్క ఏడుపు మధ్యలో నిలిపింది.
గోడ మాట్లాడతా ఉందేందని
కండ్లు ఇంతింత చేసుకుని,
పెదాలు బిగబట్టి,
కదలకుండా వింటా ఉంది.

నొక్కినా.

దుప్పటి తీస్తే ఓబుళమ్మ మొగమంతా చెమట.
గుడ్డకు నోరుండే చోట
రూపాయి బిళ్లంత తడి.
"ఏం ఉక్కబ్బా," అని నీళ్లడిగింది.

కంప్యూటర్లో పెద్దది చేసి చూసినా.
పిల్ల చెవి పక్కన, గుడ్డ కింద
బొటనవేలు ఎత్తుగా ఉంది.
దాని నీడ పల్చగా వాలింది.
తెలుపు పూస్తే పోతుంది, నిమిషం పని.
పూయకపోతే ఆఫీసోళ్లు వాపసు పంపిస్తారు.
పూసినా.

ఎనిమిది కాపీలు, నూటిరవై రూపాయలు.
చిల్లర లేదంటే ఇరవై తర్వాత ఇస్తానని పోయింది.
మెట్ల మీద పిల్ల నగతా ఉండేది వినబడింది,
ఎవురూ వద్దనలేదు.

పూయకముందరిది నా కాడ ఉంది.
ఏ పేరుతో దాచాలో తోచక
మొదట హన్విక అని కొట్టి, తుడిపి,
ఓబుళమ్మ అని కొట్టినా.
ఇంటిపేరు అడగలేదు.