చదవడానికి మాత్రమే

పలమనేరులో వాన. కరెంటు పోయి వచ్చింది.
ఫోనుకొచ్చిన ఆరంకెలు
గడువు దాటేలోగా మూడోసారి కొట్టాను.

సొరంగం తెరుచుకుంది.
మొగిలి ఘాటు కింద, లారీల చక్రాల కింద
నలభై కిలోమీటర్లు నా వేళ్లు పోయి
చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలో
గది తాళం తీయకుండానే
బీరువాలో చెయ్యి పెట్టాయి.
జెడ్ డ్రైవు.

అంతకు ముందే వాచ్‌మన్ మునెయ్యకు ఫోను చేశాను,
ఆ నల్లపెట్టె ఒకతూరి ఆపి ఎయ్యన్నా అని.
"ఏసినా మేడమ్. పచ్చలైటు మిణకతా ఉండాది.
నువ్వు లోపలికొస్తే నాకెట్ట తెలిసేది?"
తెలీదన్నా.

తోతాపురి. జూన్. రైతుల బిల్లులు.
నత్తనడకన తెరుచుకుంటూ, చివర్లో
ఒక చిన్న కిటికీ అడ్డమొచ్చింది:
ఈ ఫైలు వేరొకరి చేతిలో ఉంది.
వాడుతున్నది హేమాద్రి, మేనేజరు.
మీరు చదవడానికి మాత్రమే.

రాత్రి ఒంటిగంటన్నర.
ఆయనది ఏ ఊరి సొరంగమో,
ఒకే చీకటి గదిలో ఇద్దరం
చెప్పులు విప్పకుండా నిలబడ్డాం.

మూసి తెరిచాను. కిలో ఎనిమిది.
మూసి తెరిచాను. కిలో ఆరు.
నూటపద్నాలుగో వరుసలో మా చిన్నాయన,
బంగారుపాళ్యం, మూడు టన్నుల నూటిరవై కిలోలు;
తూకం చీటీ పొద్దున నేనే ఎక్కించాను.
ఆరువేల రెండువందల నలభై రూపాయలు
కాయ రాలినంత చప్పుడైనా లేకుండా రాలాయి.

సాయంత్రం దించుకున్న కాపీ నా దగ్గరుంది,
ఎనిమిదితోనే.
దాన్ని ఏ పేరుతో దాచాలని అడుగుతోంది కంప్యూటరు.

ఇంతలో సొరంగం తెగింది.
మునెయ్య ఫోను:
"మేడమ్, లైటు ఎర్రగా ఉండాది.
మళ్లా ఆపి ఎయ్యాల్నా?"