శేషం

నవంబరులో కెమి పట్నానికి
మూడింటికే చీకటి పడుతుంది.
పొగగొట్టాలు తోమే ఇల్పో
నిచ్చెన దిగి, బూట్లు దులుపుకుని లోపలికొచ్చాడు.
పొయ్యి చల్లగా ఉంది. గది మాత్రం వెచ్చగా.

బల్ల కింద పాత కంప్యూటరు
ముసలి కుక్కలా రొప్పుతోంది.
దాని వీపు మీద ఉన్ని చేతితొడుగులు ఆరేసి ఉన్నాయి.
"నలభై మూడు రోజులైంది ఆపక," అంది ఔనే.
"ఒకే ఒక్క లెక్క."

కాగితం మిల్లులో ముప్పై ఏళ్ళు చుట్టలు తూచిన మనిషి.
మిల్లు మూతబడ్డాక సంఖ్యల్ని తూస్తోంది.
పదమూడు కోట్ల పైచిలుకు రెండ్లను వరసగా గుణించి
అందులోంచి ఒక్కటి, ఒక్కటే, తీసేస్తే మిగిలేది:
దాదాపు నాలుగు కోట్ల అంకెలు.
"రెండు పక్కలా అచ్చేస్తే ఎనిమిది రీములు.
ఇరవై కిలోలు. నా నడుం మోయదు.
అది విరుగుతుందా, విరగదా
అదొక్కటే నాకు కావాలి."

అతని బ్రష్షు రాల్చిన మసిలో వేలు ముంచి
పొయ్యి పలక మీద రాసింది.
నాలుగు. నాలుగు నాలుగులు పదహారు. రెండు తీసెయ్.
పధ్నాలుగుని ఏడుతో భాగిస్తే శేషం సున్నా.
ఏడు గట్టిది.
ముప్పై ఒకటికైతే మూడుసార్లు తిప్పాలి:
పధ్నాలుగు, ఎనిమిది, సున్నా.
దీనికి పదమూడు కోట్ల సార్లు.
మధ్యలో ఏ మెట్టూ ఏమీ చెప్పదు,
ఆఖరిదే నోరు విప్పుతుంది.

"రెండువేల నలభై ఏడుని చూడు, ఎంత నిబ్బరంగా ఉంటుందో!
ఇరవై మూడూ ఎనభై తొమ్మిదీ
దాని కడుపులో దాక్కున్నాయి."

యంత్రం భాషలో రాస్తే
ఈ సంఖ్య నిండా ఒకట్లే,
ఒకటి పక్కన ఒకటి, మంచులో కంచె గుంజల్లా,
వెతికినా ఒక్క సున్నా లేదు.
ఆ లేని సున్నా చివర్లో రావాలి.

అప్పులో, నిప్పులో, పగలో శేషం ఉంచకూడదంటారు.
నిప్పు వదిలిన శేషాన్ని గోకి తియ్యడమే ఇల్పో బతుకు.
సున్నా అంటే ఏమిటో అతనికొకరు చెప్పాలా.

రెండో కప్పు కాఫీ సగంలో ఉండగా
ఫ్యాను రొద తగ్గింది.
ఆమె కళ్ళజోడు కోసం తడుముకుంది.
పేరేమో ఔనే.
తెర మీద మాట: కాదు.

"దేనితో విరుగుతుందట?"
"అది చెప్పదు. విరుగుతుందని మాత్రమే చెబుతుంది.
ఆ ముక్కలు ఎవరికీ ఎన్నటికీ దొరక్కపోవచ్చు."

ఇల్పోకి కిందటి వారపు ఇల్లు గుర్తొచ్చింది.
గొట్టంలో పొగ వదిలితే
వెనక గదిలో వాసన తేలింది.
సాయంత్రం దాకా ఇటుక ఇటుకా తట్టి చూశాడు.
బీట ఉంది. కనబడలేదు.
"తెలుసు," అన్నాడు.

ఆమె ఇంకో ఘాతం టైపు చేసింది,
ఒక్కో అంకె మీదా వేలు ఆపి సరిచూసుకుంటూ.
ఫ్యాను మళ్ళీ అందుకుంది.
తొడుగుల్ని తిరగేసింది.
బొటనవేలి దగ్గర
ఇంకా తడి ఉంది.