చెంబు మినహా

ముప్పయ్యేళ్ళుగా ఒకే క్రియతో అన్నం తింటున్నాను.
ఉదయగిరి రిజిస్ట్రారాఫీసు ఎదురుగా,
చెక్క గరిటెలమ్మే కొట్టు పక్కన
రేకుల పంచలో నా బల్ల.
"వదులుకొనుచున్నాను."
సర్వే నంబరు మారుతుంది,
వేలిముద్ర కింద పేరు మారుతుంది,
క్రియ మాత్రం కదలదు,
నా కుర్చీ కాలికింద పెట్టిన రాయిలాగా.

కొత్త కుర్రాళ్ళు 'వదిలేస్తున్నాను' అని
టైపు కొట్టుకొస్తారు.
కాదు నాయనా, అంటాను.
వదిలేసేది బీడీని, తెగిన చెప్పుని.
హక్కుని వదులుకోవాలి.
దానికి ఇద్దరు సాక్షులు కావాలి,
వంద రూపాయల స్టాంపు కాయితం కావాలి.
"ఇందు మీద నాకు గాని నా వారసులకు గాని
ఎట్టి హక్కు భుక్తములు లేవు" అని
తలుపు బయట నిలబడి
మన చేత్తో మనమే గడియ పెట్టాలి.

ఇంత తెలిసినవాణ్ణి,
ఆ మంగళవారం వెంగమ్మ అడిగినదానికి
నోరు పెగల్లేదు.

దుత్తలూరు అవతల్నించి ఆటోలో వచ్చారు,
ఆమె, ఇద్దరు మరుదులు.
కపిలి తోలిన కాలంనాటి బావిలో
పెనిమిటి తరఫున నాలుగో వంతు.
వారానికొక పగలు, ఒక రాత్రి ఆమె తడి.
బావి ఎండి పదకొండేళ్ళు.
పూడ్చి చదును చేస్తే
సోలారోళ్ళు కౌలుకి తీసుకుంటారంట.

చదివి వినిపించాను. పద్ధతి అది.
ఒక మాట దగ్గర చెయ్యెత్తింది.

"అబ్బయా, వదులంటే తెలిసింది.
గాజు వదులైతే జారిపోద్ది, అట్టనే గదా.
దాని ఎనక ఆ 'కొను' ఏంది?
నేనేం కొన్నా?"

చిన్న మరిది ఫోన్లోంచి తలెత్తాడు.
నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను.
వ్యాకరణం తల్లీ, అన్నాను.
తనకు తాను చేసుకునే పనికి
అట్టా ఒక తోక తగిలిస్తారు.
వండుకొను. తల దువ్వుకొను.
చెబుతుంటేనే తెలుస్తోంది,
ఆమె అడిగింది ఇది కాదు.
'ప్రతిఫలం' అన్న చోట నేను రాసిపెట్టిన మాట
'ప్రేమాభిమానములు'.
ఆ మాటకు నా సొరుగులో
రబ్బరు ముద్ర ఉంది.

నవ్విందో లేదో చెప్పలేను,
ఆకూవక్కా నోట్లో ఉంది.
"పోనీలే, నేను వదిలేదేముంది,
నీళ్ళే మమ్మల్నొదిలి పోయినయ్.
ఒకటి మాత్రం రాయి.
కాపరానికొచ్చిన ఏడు
మాయమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు
చెయ్యి జారి అందులో పడింది.
పాతాళగరిగె ఏసి మూడు పొద్దులు గాలిచ్చినా దొరకలా.
నీళ్ళున్నప్పుడు దొరకలా,
ఎండినాక ఒండ్రులో దొరకలా.
దాన్ని నేను వదల్లా."

"పూడ్చే బావిలో చెంబేంది వదినా"
అన్నాడు పెద్ద మరిది. గట్టిగా అనలేదు.
ఆ మూడు పొద్దులూ ముక్కు పట్టుకుని
నీళ్ళలో మునిగింది తనేనని
టీ కొట్టు దగ్గర తర్వాత చెప్పాడు.

చింతచెట్టు మినహా రాశాను,
నడక దారి మినహా,
సమాధి మినహా కూడా ఒకసారి.
కనపడని చెంబుకి
ఏ నాలుగు హద్దులు చూపించను?
షెడ్యూలు అడుగున, ఖాళీ మిగిలిన చోట,
పెన్నుతో రాశాను:
"సదరు బావిలో పడియున్న
ఇత్తడి చెంబు ఒకటి మినహా."

లోపల అయ్యగారు తలెత్తకుండానే అడిగారు,
ఇష్టపూర్వకంగానేనా?
ఆమె నా వైపు చూసింది,
జవాబు నా బల్లమీద మరిచిపోయి వచ్చినట్టు.
"ఆ" అంది.
బొటనవేలు గీతలరిగిపోయి
మిషను రెండుసార్లు ఒప్పుకోలేదు.
మూడోసారి పడింది.
షెడ్యూలు చివరిదాకా ఎవరూ చదవరు.

నా కూలి తీసుకోలేదని రాద్దామనుకున్నాను.
తీసుకున్నాను. రెండొందల ఎనభై.
మూడు నోట్లిస్తే
ఇరవైకి చిల్లర లేదన్నాను.
"ఉంచుకో" అంది,
ఆటో ఎక్కుతూ.

ఉంచుకున్నాను.