ఏ అరలో?

వార్డో రేవులో సూర్యుడికి రెండు నెలలు సెలవు.
చేపల గోదాము లెక్కలు ముగించి
ఓడ్నీ తడి మేజోళ్ళు హీటరు మీద ఆరేసి
రాయడానికి కూర్చుంటుంది.

మొదటి పేజీలో శవం, పోలీసు.
నలభయ్యో పేజీలో ఆ పోలీసుకి
చచ్చినవాడే కాఫీ కలిపిస్తాడు.
ఆపైన ఎవరో ఎవర్నో ప్రేమిస్తారు
అడ్డూ అదుపూ లేకుండా.

"దీన్ని ఏ అరలో పెట్టమంటారు?"
ఓస్లో నుంచి ఏడో ఉత్తరం.

ఆమెకు పదకొండేళ్ళప్పుడు
అన్న పడవ ఒక్కటే తిరిగొచ్చింది.
పోలీసులు మూడు వాక్యాలు రాసుకున్నారు.
సముద్రం కింద వాడికి పెళ్ళయిందంది అమ్మమ్మ.
అమ్మ ఏమీ అనలేదు,
రోజూ వాడి కంచం కూడా కడిగేది.

ఎవరి మాటని కొట్టేస్తుంది?

ఉత్తరం వెనకవైపు ఖాళీగా ఉంది.
అక్కడే మొదలుపెట్టింది:
తలుపు చప్పుడు.
గుమ్మంలో ఉప్పునీటి బూట్లు.