కదిలిన పిల్ల

బరంపురం పెద్దబజారు వెనక సందులో
మగ్గం గుంటకి ఎదురుగోడన వేలాడే ఫొటో ఇది.
అద్దం లోపల చెదపురుగు దారి తీసుకుంటూ
ముత్తాత మోకాలి దాకా వచ్చింది.

పదకొండు మంది.
గోపాలపూర్ రేవులో పడవ దిగి
పెట్టెల్ని ఎడ్లబండికెత్తించి వచ్చినవాడు
నల్లగుడ్డ కింద దూరి
ఊపిరి బిగబట్టమన్నాడట.
తల కదలకుండా మెడల వెనక ఇనప పట్టకార్లు.
లోకనాథం ముత్తాత చూపులో ఆ ఇనుము ఇంకా ఉంది.
అప్పుపత్రం మీద వేలిముద్ర వేస్తున్నవాడి ముఖం.

చివరన కూర్మాయి, అయిదేళ్ళది,
పట్టకారుకి అందనంత పొట్టిది,
తల తిప్పింది.
చీమ కుట్టిందంటుంది నాయనమ్మ.
నవ్వొచ్చి ఉంటుందని నేననుకుంటాను.
ప్లేటు కడిగి చూస్తే
పట్టుపరికిణీ ఉంది, కడియాలున్నాయి,
మెడ మీద గుప్పెడు పొగ.

పొగ పట్టిన పిల్ల దక్కదని
ముత్తవ్వ రెండ్రోజులు పొయ్యి వెలిగించలేదు.

పర్లాకిమిడి నుంచి దండపాణి మహారణాని పిలిపించారు.
గంజపా ముక్కల మీద రాజుల్నీ మంత్రుల్నీ వేసే చెయ్యి.
చింతగింజల జిగురు, శంఖం తెలుపు, ఉడుతతోక కుంచె.
పిల్లని ఎదురుగా కూచోబెట్టుకుని
ఒక్కసారైనా పిల్లకేసి చూడకుండా
తన తాతల చేతికొచ్చిన ముఖమే పెట్టాడు:
చెవిదాకా సాగిన కన్ను, పక్కకి తిరిగిన ముక్కు.
పదిమంది మనల్ని చూస్తుంటారు.
ఆమె ఒక్కతే చట్రం బయటికి.

లైబ్రరీలో పుస్తకం ఒకటి దొరికింది.
పారిస్ వీధి, ఫొటోలు పుట్టిన కొత్తల్లోది.
పట్టపగలు. గుర్రబ్బళ్ళు, బేరగాళ్ళు,
అందరూ నడిచారు గనక ఒక్కరూ లేరు.
బూటు తుడిపించుకోడానికి కాలెత్తి ఆగినవాడు మిగిలాడు.
తుడిచేవాడు మసక.
పనిచేసే చేతిని ఆ పెట్టె నమ్మలేదు.

ఇంకో నలభై పేజీలు తిప్పితే
అదే ఊళ్ళో ఒకడు మేడ మీంచి జనాన్ని చూసి
కాళ్ళూ ముఖాలూ లేకుండా
తడి కుంచెతో నలుపు చుక్కలు పెట్టాడు.
నడుస్తున్నారు వాళ్ళు. చూస్తే తెలుస్తుంది.
పొగే మనిషని ఒప్పుకోడానికి
వాళ్ళకి అన్నేళ్ళు పట్టింది.

దండపాణి ఒప్పుకోలేదు.
ఒప్పుకుంటే ముత్తవ్వ పొయ్యి వెలిగేదా?
నాకు తెలీదు.

ఈ వానలకి ఆయన రంగు పెచ్చులూడుతోంది.
ముందు కంటికొస పోయింది,
మొన్న ముక్కు.
కిందనుంచి పొగ మళ్ళీ తేలుతోంది.

తమ్ముడు దాన్ని గిరి రోడ్డు స్టూడియోకి పట్టుకెళ్ళాడు.
కుర్రాడు తెర మీద పెద్దది చేసి
"ఈమెకి ఎలాంటి ముఖం పెట్టమంటారు?" అన్నాడు.

ఎనభై ఏళ్ళు బతికింది కూర్మాయి.
అన్నం తినేటప్పుడైనా
ఒకచోట కూచోగా చూసినవాళ్ళు లేరు.

చెదలు దులిపి ఇచ్చెయ్యి చాలన్నాను.